ఒక్క చెట్టునకు చోటు

మా క్రొత్త యింటి పెరడు 24 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు గలది. అందు ఒక మూల బోరు, ఒక మూల బట్టలుతుకు బండ, తూర్పు ప్రహరీ కావల ప్రక్కయింటివారి వంటయింటి కిటికీ ఉన్నవి. ఇవి పోగా మిగిలిన చోట ఒక్క చెట్టు పట్టును. రెండు పట్టవు. ఈ చిన్న సత్యము నంగీకరించుటకు మా యింటిల్లిపాదికి ఎనిమిది మాసములు పట్టినదని చెప్పిన సోదరీమణులు నవ్వుదురు కాబోలు. పెద్ద దొడ్లు గలవారికి ఈ బాధ తెలియదు. వారు మామిడి నొకవైపు, పనస నొకవైపు నాటి, నడుమ పూలచెట్లు వేసికొందురు. ఒక్కదానికే చోటున్నవారు తక్కినవాని నన్నిటిని కాదనుకొనవలెను. కష్టమంతయు అందే యున్నది.

మావారు ఉపాధ్యాయులు. మేము కాపురమునకు వచ్చిన 14 ఏండ్లలో అయిదూళ్లు మారితిమి. అద్దెయింట చెట్టు నాటుట తెలివితక్కువ పనియని ఇరుగుపొరుగువారు చెప్పుచునే యుండిరి. అయినను పోయిన ప్రతి యూరను ఏదో యొకటి నాటితిమి. ఒకచోట జామ, ఒకచోట సీతాఫలము, ఒకచోట దానిమ్మ, అన్నిచోట్లను కరివేప. ఆరు మాసములకే కాచెడి మునగ తప్ప మేము నాటినదాని ఫలము మేము తిని యెరుగము. తుని చేరువ నొక యూరిలో మేము నాటిన జామ విరగగాచినదని, మా తరువాత ఆ యింట చేరిన యిల్లాలు ఫోనులో బొమ్మ పంపినది. సంతోషించితిమి. కాని ఆ రాత్రి మాలో నెవ్వరికిని అన్నము సరిగా సహింపలేదు. ఇట్టివారికి పిఠాపురము చేరువ సొంతయిల్లు, సొంతపెరడు అమరినప్పుడు ఆ యొక్క చెట్టును గూర్చి తగవు రాకుండునా?

మావారికి మామిడి కావలెను. అందును కొత్తపల్లికొబ్బరియే కావలెను. ఆవకాయపై వారికి గల భక్తి అట్టిది. ప్రతి వేసవిని బజారులో కాయ ధర వినినప్పుడెల్ల, “మన చెట్టే ఉంటే” యని నిట్టూర్చుట వారి కలవాటు. మేము పారిజాతము కోరితిమి. బడికి పోక, ఇంటనే తండ్రిగారియొద్ద కావ్యములు చదువుకొన్నవారము గనుక, సత్యభామ యంతటిది అలిగి సాధించుకొన్న చెట్టు మన పెరట లేకపోయిన నెట్లని మా వాదము. వేకువను లేచి తలుపు తీయగనే నారింజవన్నె తొడిమల తెల్లని పూలు నేలనిండ రాలియుండుట తలచుకొనినచో, ఆవకాయ యెంత?

విశాఖపట్టణమున నున్న మా ఆడబిడ్డగారు అసలు చెట్టే వలదని సలహా యిచ్చిరి. 2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపానునాడు వారి వీధిలో నిద్రగన్నేరులు, తురాయిలు పెకలి పడుటను ఆమె కన్నులార చూచినది. వారి ముంగిట తురాయి యొకటి ప్రహరీని కూల్చి, గుమ్మమున కడ్డముగా పడెనట. తురాయి కన్నులకు పండువే గాని కొమ్మ పెళుసు, గాలికి నిలువదు. 1996 నవంబరు తుపానులో కోనసీమ కొబ్బరితోటలు పడిపోయిన సంగతి మా ప్రాంతపు పెద్దలు నేటికిని చెప్పుకొందురు. కావున ఆమె భయము అకారణమని చెప్పజాలము. కాని చెట్టులేని పెరడును ఊహించుకొనుటకును మాకు మనసొప్పలేదు.

అత్తగారి నడిగితిమి. ఆమెకు 74 ఏండ్లు. “మీ యిష్టం అమ్మాయీ. నాదేముంది?” అనిరి. మన యిండ్లలో పెద్దవారు మీ యిష్టమన్నప్పుడు ఆ మాటకు అర్థము వెదకవలెను. మేము వెదకలేదు. అడిగితిమి గదా యని ఊరకుంటిమి.

జ్యేష్ఠము వెడలి, తొలకరివానలు రెండు పడినపిమ్మట, కన్నులార చూచి తేల్చుకొందమని ఒక ఆదివారమున ముగ్గురమును కడియపులంకకు బయలుదేరితిమి. నాటుటకు ఆ దినములు మంచివి. ముందు వానకాలమంతయు ఉండును గనుక మొక్క ఎండల లోపల వేరూనుకొనును. పిఠాపురములో ఉదయపు పాసింజరు నెక్కి, పులిహోర మూట విప్పుటకు సామర్లకోట దాటువరకు ఓర్చుకొంటిమి. అచటినుండి రైలుకిరువైపుల పచ్చదనమే. బిక్కవోలు వచ్చినప్పుడు తూర్పుచాళుక్యుల నాటి గుడులను గూర్చి మావారు పాఠము మొదలుపెట్టిరి. అనపర్తి వచ్చువరకు అది సాగెను. ద్వారపూడిలో అయ్యప్పస్వామికి కూర్చున్నచోటినుండియే నమస్కరించితిమి. కడియములో దిగి ఆటో నెక్కగా కొంతసేపటికి కాలువగట్టు, దానిపిదప మొక్కలు మొదలైనవి.

ఆ మొక్కలను గూర్చి ఎట్లు చెప్పవలెనో తెలియకున్నది. జాతీయరహదారి కిరువైపుల, కడియపులంక మొదలు బుర్రిలంక, వేమగిరి, పొట్టిలంకల వరకు వందలకొలది తోటలు. ఒక్కొక తోటకు ఒక్కొక గుమ్మము, గుమ్మమునకు కాగితపుపూల తోరణము. లోపల మడులు మడులుగా నల్లని ప్లాస్టికు సంచులలో మొక్కలు. వేలు కావు, లక్షలు. నీటిగొట్టములు జల్లు కొట్టుచుండగా ఆ ఆకులన్నియు ఒక్కసారి తళుక్కుమనెను. లంకల ఒండ్రుమట్టి, కాలువనీరు, అంటుకట్టు చేతినేర్పు, ఈ మూడును కలిసినచోట ఈ పంట పండినది. 1852లో కాటనుదొర ధవళేశ్వరముకడ ఆనకట్ట ముగించినప్పుడు వరిని తలచెనేగాని, ఆ నీటితో మన ఆడువారి పెరళ్లకు గులాబులు పోవునని తలచియుండడు.

పని చేయువారిలో ఆడువారే పెక్కురు. గొంతుకూర్చుండి సంచులలో మట్టి నింపువారు, కలుపు తీయువారు, బుట్టలలో మొక్కలు మోయువారు. ఒకామె జామకొమ్మకు గాలియంటు కట్టుచుండగా మేము నిలిచి చూచితిమి. కొమ్మచుట్టు అంగుళముమేర బెరడు వలిచి, తడిపిన నాచు చుట్టి, ప్లాస్టికు కాగితముతో రెండుకొనలను బిగించి కట్టినది. కొన్ని వారములకు అచట వేళ్లు పుట్టును. అప్పుడు దిగువను కోసి వేరుమొక్కగా పెంచెదరు. చెప్పుటకు ఇంతయే. కాని ఆమె యొక్కొక అంటును మాటలాడుచునే, చేతివంక చూడకయే కట్టుచుండెను.

అంటు మాట వచ్చినది గనుక మాకు జరిగిన మోస మొకటి చెప్పవలెను. కొన్నియేండ్ల క్రిందట ఒక సంతలో బంగినపల్లి అంటని చెప్పి ఒకడు మాకు మొక్క నమ్మెను. నాటిన రెండు మాసములకు పైకొమ్మ ఎండి, మొదట చిగుళ్లు బలముగా వచ్చెను. బ్రతికినదని సంతోషించి నీళ్లు పోసితిమి. తెలిసినవా రొకరు చూచి, అంటు చచ్చినదనియు, మేము పెంచుచున్నది అడుగునున్న టెంకమొక్క యనియు చెప్పిరి. సోదరీమణులు గుర్తుంచుకొనదగిన సంగతి యిది. అంటు వేసినచోట కణుపువలె వంకర యుండును. దానికి దిగువను వచ్చు చిగురును వచ్చినదివచ్చినట్లు గిల్లివేయవలెను. లేనిచో అదియే బలిసి పైకొమ్మను చంపును. కొనునప్పుడు ఆ వంకర వ్రేలితో తడిమి చూడవలెను. ఈసారి మావారు ప్రతి మామిడిమొక్క మెడను వైద్యుడు నాడి చూచినట్లు పట్టిచూచిరి.

ఆ తోటలలో చూడకూడనివియు చూచితిమి. గోడవెంట గుబురుగా పెరుగునని కోనోకార్పసు మొక్కలు వరుసలు తీర్చియుంచిరి. తొందరగా పెరుగుట నిజమే. కాని దాని వేళ్లు నీటిగొట్టములను చెరచుననియు, పుప్పొడి శ్వాసకు మంచిది కాదనియు 2023లో గుజరాతు ప్రభుత్వము నాటుట మాన్పించినది. దాని ప్రక్కనే ఏడాకులపాల. హుద్‌హుద్ తరువాత విశాఖలో వీధులవెంట విరివిగా నాటినది ఇదియే. శరత్కాలపు రాత్రులలో దాని ఘాటునకు తలనొప్పి వచ్చుచున్నదని మా ఆడబిడ్డగారు కిటికీలు మూసికొందురు. కాళిదాసు దీని వాసనను ఏనుగుల మదజలముతో పోల్చినాడు. ఆ పోలిక తెలిసినవారు దీనిని పడకగది చేరువ నాటుదురా?

ఇంకొక తోటవాడు “అశోకండి” యని నిటారుగా స్తంభమువలె నున్న మొక్కను చూపెను. అది అశోకము కాదు, నరమామిడి. అసలు అశోకము గుత్తులుగా నారింజయెరుపు పూలు పూచు చెట్టు. మాళవికాగ్నిమిత్రమున మాళవిక పాదతాడనము చేసినది ఆ చెట్టునే. ఈ మాట మేమనగా వాడు, “పూలదైతే లోపలుందండి, అడిగినోళ్లే లేరు” అని నవ్వెను. మేము చిన్నతనమున అశోకవనమనగా సీతమ్మ అశోకవృక్షము క్రిందనే కూర్చుండెనని తలచుచుంటిమి. ఆమె కూర్చున్నది శింశుపావృక్షము క్రింద. చెట్ల పేరులలో మనము చేయు పొరపాట్లు ఇన్నియన్నియు కావు. ఆ దినమున మా వంతును మాకు దక్కినది. అది ముందు చెప్పెదము.

మధ్యాహ్నమునకు ఒక పెద్దతోటలో నిలిచితిమి. మొక్కలు చూపుటకు వచ్చినది యజమాని కాదు, కలుపు తీయుచుండిన ఒక ముసలమ్మ. చేతులకు అంటిన మట్టి దులుపుకొని, “ఆయ్, జాగా ఎంతుందండి?” అని అడిగెను. చెప్పితిమి. “పడమటెండ పడుద్దాండి?” పడుననియు, పెరటి అరుగు పడమటనే యున్నదనియు చెప్పితిమి.

మావారు మామిడి మాట యెత్తిరి. “పద్దెనిమిదడుగుల్లో మామిడేంటండి బాబూ! కొమ్మలు పక్కోళ్లింట్లోకెళ్తాయి. చెట్టు మీది, కాయలాళ్లవి, తగువిద్దరిదీను” అని ఆమె తేల్చివేసెను. పొట్టిగా కత్తిరించి పెంచవచ్చునని మావారు వ్యవసాయశాఖవారి కరపత్రమున చదివినది చెప్పిరి. ఆమె కాదనలేదు. “కత్తిరించొచ్చండి. ఏటేటా కత్తిరించాల. ఎవరు కత్తిరిస్తారండి?” మావారు తమ చేతులవంక చూచుకొనిరి.

మేము పారిజాతము చెప్పితిమి. అది మంచిదే యన్నది. చిన్నచెట్టు, గోడకు గాని కప్పునకు గాని చేటు లేదు. “కాని యెండాకాలం ఆకు రాల్చేస్తాదండి. మీకు పడమటెండ అన్నారు గదా. నీడ కావాల్సినప్పుడు నీడుండదు.” ఈ మాటకు మాయొద్ద సమాధానము లేకపోయెను. పారిజాతపు పరిమళము, వన్నె, పుట్టుక అన్నియు తెలిసిన మాకు, అది వేసవిలో ఆకు రాల్చునని తెలియదు.

అప్పుడామె అడిగినది: “పెరడు తుడిసేదెవరండి?”

“మా అత్తగారు.”

“మరి ఆరినడిగారా?”

మేము వెనుకకు తిరిగి చూచితిమి. అత్తగారు లేరు.

మేము కొంచెము కంగారుపడితిమి. ఆ మడులలో దారి తప్పుట సులభము. మావారు “అమ్మా” యని పిలుచుచు ఒకవైపు, మేమొకవైపు వెదకుచు పోయితిమి. తోట చివర, గోనెసంచులలో పెంచిన పెద్దమొక్కల వరుస యున్నది. అచట ముదురాకుపచ్చ ఆకులతో గుబురుగా ఒక మనిషియెత్తునకు మించి పెరిగిన చెట్లు కొన్ని. వాని నీడలో అత్తగారు నేలపై కూర్చుండి, రాలిన చిన్నచిన్న పూలు ఏరుచుండిరి. కొంగులో పిడికెడు చేరినవి. వానిని గడ్డిపోచ కెక్కించుచుండిరి. సూది లేదు, దారము లేదు. ఆ పూవు నడుమ సహజముగనే రంధ్రమున్నది. పోచ దూర్చినచో చక్రమువలె జారి కూర్చుండును.

“ఏమి పూలు అత్తయ్యగారూ?” అని అడిగితిమి.

“పొగడ తెలీదూ, అమ్మాయీ?” అనిరి.

మా పొరపాటిదియే. తెలియదని చెప్పుటకు సిగ్గుపడితిమి. వకుళమనియు కేసరమనియు పేర్లు తెలియును. మేఘసందేశమున యక్షుని యింటితోటలో ఎఱ్ఱయశోకము సరసను నిలిచినది ఈ చెట్టే యని తెలియును. శాకుంతలమున చెలికత్తె శకుంతలను కేసరముచెంత క్షణము నిలువుమనుట తెలియును. స్త్రీలు మద్యము పుక్కిలించినచో పూచునను కవిసమయమును తెలియును. ఇన్ని తెలిసి, రెండు దశాబ్దములు ఆ పేరు చదివి, చెట్టు కన్నులయెదుట నిలువగా పోల్చలేకపోయితిమి. పూవు నడుమ రంధ్రమున్నదని ఏ కావ్యముననైన చెప్పిరేమో, మేము చదువలేదు.

అత్తగారు చెప్పినది పెద్ద కథ కాదు. ఆమె పుట్టినిల్లు గోదావరి పాయనడుమ నొక లంకలో నుండెడిది. అరుగుప్రక్కన పొగడచెట్టు. వేసవి వేకువలలో ఆడపిల్లలందరును ఆ క్రింద పోగై పోచలకు పూలెక్కించెడివారట. ఎండినను వాసన పోదు గనుక వారి నాయనమ్మ ఆ పూలను పట్టుచీరెల మడతలలో పెట్టెడిది. బెరడు దంచి పండ్లపొడిలో కలిపెడిది. అత్తగారు 18వ యేట ఈ యింటికి వచ్చిరి. పుట్టింటికి పోయినప్పుడెల్ల ఆ పూలు తెచ్చుకొనెడివారు. 1986 ఆగష్టులో గోదావరికి వచ్చిన వరద మీ యిండ్లలో పెద్దవారికి జ్ఞాపకముండును. ధవళేశ్వరముకడ 35 లక్షల క్యూసెక్కుల నీరు పోయినది. లంకలోని వారందరును పడవలపై ముందే గట్టు చేరిరి. నీరు తీసినపిమ్మట పోయిచూడగా, ఇల్లున్న చోటును, చెట్టున్న చోటును నది కోసికొని పోయినది. శిథిలములైనను లేవు. అచట నీరే యున్నది.

“వరద తరవాత ఎవ్వరూ నన్ను చెట్టు సంగతి అడగలేదు. ఇంటి సంగతే అడిగారు” అని పోచ ముడివేసిరి.

మావారికిని ఈ సంగతి తెలియదు. ఇల్లు పోయినదని తెలియును. చెట్టున్నదని తెలియదు. వారు ఏమియు ననక ఆ సంచిమొక్క కాండమును చేతితో తడిమి చూచుచు నిలిచిరి. అంటు వంకర వెదకుచుండిరని మేము తలచితిమి.

ముసలమ్మ వచ్చి చూచి, “నేనడిగింది ఇదేనండి” అన్నట్లు తలయూపెను. పొగడ నిత్యము పచ్చగనుండు చెట్టు. నీడ దట్టము. కొయ్య గట్టిది, తురాయివలె పెళుసు కాదు. ఎదుగుదల నిదానము. కత్తిరించినచో చెప్పినట్లు వినును. గోడకు పది, పండ్రెండడుగుల యెడముగా పెట్టి, అవసరమైనప్పుడు కొమ్మ దించుకొనవచ్చును. పండు చిన్నది, పండినప్పుడు నారింజవన్నె; వగరుగా నుండినను పిల్లలును పక్షులును విడువరు. లోపమొక్కటి: నిదానము. జానెడు మొక్క చవుక, కాని అది పూచుటకు ఏండ్లు పట్టును. సంచిలో నున్న పెద్దమొక్క ఇప్పుడే పూచుచున్నది, కాని దాని ధర చిన్నమొక్క ధరకు ఎన్నియో రెట్లు.

ఇచట మాకు నిజమైన చిక్కు వచ్చినది. ఇంటిఅప్పు వాయిదాలు కట్టుచున్న నెల. అత్తగారు చిన్నమొక్కనే కొనుమనిరి. “చెట్టు చెట్టే గదా. మీరు చూస్తారు, చాలు.” 74 ఏండ్ల మనిషి ఆ మాట యన్నప్పుడు దానిలోని లెక్క మా కర్థమైనది. ఈసారి మీ యిష్టమను మాటకు అర్థము వెదకుట తప్పలేదు. మేము మావారివంక చూచితిమి. వారు ముసలమ్మతో బేరమాడుట కారంభించిరి. బేరములో ఆయన యెప్పుడును ఓడిపోవుదురు. ఆ దినమున మరింత తొందరగా ఓడిపోయిరి. పారిజాతమును గూర్చి మేము మరి మాటలాడలేదు. పోచకు గ్రుచ్చిన ఆ పూలదండ మా జడలో నుండగా ఏమని మాటలాడుదుము?

అంత చెట్టును రైలులో తేలేము. పిఠాపురమువైపు కొబ్బరిమొక్కలు తీసికొనిపోవు ఒక చిన్నసరకుబండిలో చోటు కుదిర్చి, దాని వెనుకనే సాయంకాలపు పాసింజరులో వచ్చితిమి.

నాటిన తీరు చెప్పెదము, ఎవరికైన నుపకరించును. మూడడుగుల పొడవు, వెడల్పు, లోతుగల గోయి ముందుగనే త్రవ్వించియుంటిమి. పైమన్ను ఒకవైపు, లోమన్ను ఒకవైపు పోయించితిమి. పైమన్నులో బాగుగ మాగిన పశువులయెరువు, రెండు గుప్పిళ్ల వేపపిండి కలిపితిమి. సంచిని కత్తితో నిలువున చీల్చి, మన్నుముద్ద చెదరకుండ ఇద్దరు పట్టి దించిరి. సంచిలో ఎంతవరకు మన్ను ఉన్నదో నేలలోను అంతవరకే పూడ్చవలెను. కాండమును లోతుగా కప్పినచో కుళ్లును. గాలికి ఊగకుండ రెండు వెదుళ్లు పాతి, పాతచీరె పేలికలతో కట్టితిమి. త్రాడుతో కట్టినచో బెరడు ఒరిసిపోవును. మొదటచుట్టు ఎండుటాకులు పరచితిమి. కాండమునకు తగులకుండ బెత్తెడు ఎడము విడిచితిమి.

పదునైదు దినములలో ఆకులన్నియు రాలిపోయెను.

ఆ దినములను తలచిన నేటికిని మనసు చివుక్కుమనును. అత్తగారు ప్రతియుదయమును ఆ ఎండుటాకులను ఊడ్చి మొదటనే పోసెడివారు. ఒక్క మాట యనలేదు. మావారు ధరను గూర్చి ఒక్క మాట యనలేదు. ఎవ్వరును ఏమియు ననని యింట మేము నీళ్లు మోసితిమి. ఒకనాడు ఓర్వలేక కాండముపై గోటితో సన్నగా గీచి చూచితిమి. బెరడు క్రింద పచ్చగా తడియున్నది. పచ్చదనమున్నచో ప్రాణమున్నట్లే. పెద్దమొక్కను తావు మార్చినప్పుడు, కొంత వేరు పోవుట చేత, ఆకును నిలుపుకొనలేక రాల్చుట కలదు. ఆ సమయమున భయపడి నీరు మితిమీరి పోయుటయే చెట్లను చంపును. మేము నీరు తగ్గించితిమి. శ్రావణమాసమున మొదటి శుక్రవారమునాడు కలశమునకు మామిడాకులు వెదకుచు పెరటికి పోగా, కొమ్మ చివర రాగివన్నె చిగురు కనబడెను. పూజ కొంచెమాలస్యమైనది.

ఇది జరిగి రెండేండ్లు దాటినది. చెట్టు ప్రహరీని మించినది. పడమటెండ అరుగుపై సగమే పడుచున్నది. కిందటి వేసవి నాలుగు పూలు పూచి మమ్ము ఊరించినది. ఈ వైశాఖమున వేకువను తలుపు తీయగా నేల కనబడకుండ రాలినవి. అత్తగారు చీపురు పట్టుకొని వచ్చి, ఊడ్వక నిలిచిపోయిరి. ప్రక్కయింటి వంటయింటి కిటికీలోనుండి ఆ యిల్లాలు, “ఏం పూలండీ అవి? రాత్రల్లా ఒకటే వాసన” అని అడిగినది. ఆ దినమునుండి వారి పాపకును మా పెరటిలో పోచలకు పూలెక్కించు పని కుదిరినది. అత్తగారు పూజలో వకుళమాత పేరు చెప్పుకొని, శ్రీనివాసునికి కొన్ని పూలు వేరుగా నుంచెదరు.

చెట్టు పూచిన నెలలోనే మావారికి బదిలీ యుత్తరువు వచ్చినది. రైలులో గంటకు పైగా పట్టెడి యూరు. అలవాటు చొప్పున మేము గిన్నెలు సర్దుటకు పెట్టెలు దించితిమి. ఇల్లు అద్దెకిచ్చి అందరమును పోవుదమని మావారి యోచన. అత్తగారు పెరటి అరుగుమీదినుండియే, “మీరు వెళ్లండి నాయనా. నేను రాను” అనిరి. బ్రతిమాలితిమి. ఒంటరిగా నెట్లుందురని అడిగితిమి. ఆమె మరల అదే మాట, అంతే మెల్లగా చెప్పిరి. ఏండ్ల తరబడి మా యిష్టమే తన యిష్టమన్న మనిషి తన యిష్టము చెప్పుట మేము వినుట అదియే మొదటిసారి.

పెట్టెలు మరల అటకెక్కినవి. మావారు ఉదయము 6 గంటలకు ఇల్లు వెడలి, రాత్రి 8 గంటలకు వచ్చుచున్నారు. పాసు తీసికొన్నారు. ఈ యేడు ఆవకాయకు కాయ బజారులోనే, ఆయన నిట్టూర్పులతోనే కొన్నాము. అన్నపుగిన్నెపై అత్తగారు అరటియాకులో పొగడపూలు చుట్టి పెట్టుచున్నారు. తరగతిలో బల్లమీద పెట్టుకొందురట. సాయంకాలమునకు వాడినను వాసన పోదనియు, పిల్లలు ఏమి పూవని యడిగినప్పుడు ఇంతవరకు ఇద్దరే చెప్పగలిగిరనియు వచ్చి చెప్పినారు.